ఒడిలో పుస్తకం, వాకిట్లో ఋతువు

మృగశిర కార్తె వచ్చేసింది. ఆవకాయ జాడీలకి వాసెనలు కట్టి పైన పెట్టేశాం. గొడుగులు కిందికి దించాం. బళ్ళు తెరిచారు. పుస్తకాలకి అట్టలు వేయడం, పేరు చీటీలు అంటించడం, యూనిఫారాల మడత కుట్లు విప్పి పొడుగు పెంచడం... జూన్ నెలంతా మనకి ఇదే పని. ఈ హడావుడిలో బడికి వెళ్ళే పెద్దపిల్లల సంగతే చూస్తాం గానీ, కొంగు పట్టుకుని వెనకాలే తిరిగే రెండేళ్ళ బుజ్జిగాడినీ, మూడేళ్ళ బుజ్జిదాన్నీ "వీళ్ళకి ఇప్పుడే చదువేమిటిలే" అని వదిలేస్తాం. ఈ వారం ఆ బుజ్జాయిల గురించి మాట్లాడుకుందాం.

వాళ్ళ చేత పలకా బలపం పట్టించమని నేను చెప్పబోవడం లేదు. ఒక బొమ్మల పుస్తకం చాలు. అందులోనూ ఋతువుల బొమ్మల పుస్తకమైతే మరీ మంచిది. ఎందుకంటారా? సింహం బొమ్మ చూపిస్తే సింహాన్ని ఇంటికి తెచ్చి చూపించలేం కదా! వాన బొమ్మ చూపించామనుకోండి, తలుపు తీస్తే వాన కనిపిస్తుంది. మామిడిపండు బొమ్మ చూపిస్తే గంపలో మామిడిపండు ఉంటుంది. పుస్తకంలో ఉన్నదీ, కళ్ళెదుట ఉన్నదీ ఒకటేనని పిల్లకి తట్టిందంటే అసలు చదువు మొదలైనట్టే.

ఒక సోదరి ఉత్తరం

ఈ శీర్షిక చదివే ఒక సోదరి కిందటి నెల ఉత్తరం రాసింది. పేరు వేయవద్దంది. "మా పాపకి నాలుగున్నరేళ్ళు. ఎల్.కె.జి. అయింది. సీజన్ల పేర్లు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్తుంది. 'మరి ఇప్పుడు ఏ సీజనే?' అంటే మాత్రం బిత్తరచూపులు చూస్తుంది. నేను పదో తరగతితో ఆపేశాను. నాకు ఇంగ్లీషు రాదు. మా ఆయనకి తీరిక లేదు. నాలాంటిది పిల్లకి ఏం నేర్పగలదు?" అని రాసింది.

ఉత్తరం చదివాక ఆ ఆఖరి మాటే నన్ను పట్టుకుంది. ఎందుకంటే ఆ మాట ఆవిడ ఒక్కతిదే కాదు. ఇంగ్లీషు మీడియం బడిలో పిల్లని వేసిన రోజునుంచీ, ఇంట్లో ఉన్న తల్లి తనకి తానే తక్కువైపోతోంది. "మా మమ్మీకి ఏమీ తెలీదు" అని పిల్లలు అనకముందే మనమే అనేసుకుంటున్నాం. ఇది మంచిది కాదమ్మా. మనకేం, పిల్లలకీ మంచిది కాదు. ఆరేళ్ళలోపు పిల్లకి కావలసిన చదువులో చాలా భాగం మన నోట్లోనే ఉంది. దాన్ని బయటికి లాగడానికి బొమ్మల పుస్తకం ఒక సాధనం, అంతే. ఎలాగో చూడండి.

బొమ్మ వెనకాల ఎన్ని మాటలో!

బొమ్మ పక్కన మాట పెట్టి పిల్లలకి నేర్పడం ఇవాళ్టి సంగతి కాదు. ఇప్పటి చెక్ దేశపు ప్రాంతంలో పుట్టిన కొమీనియస్ అనే పండితుడు 1658లోనే పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం వేయించాడు. లాటిన్ మాట, పక్కన జర్మన్ మాట, పైన ఆ వస్తువు బొమ్మ. వస్తువు తెలియకుండా మాట బట్టీ పట్టిస్తే లాభం లేదన్నది ఆయన వాదన. అప్పటికీ ఇప్పటికీ నిజం అదే.

ఇప్పుడు వాన బొమ్మ ఉన్న పేజీ తెరవండి. బడిలో అయితే 'రెయిన్' అని ఒక్క మాట. మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత, వడగళ్ళ వాన. ఒక్కోటీ ఒక్కో రకం. ఇవాళ పడ్డది తుంపరా, జల్లా అని అడిగితే పిల్ల బయటికి తొంగిచూసి ఆలోచించి చెప్పాలి. అంటే చూడాలి, పోల్చాలి, సరైన మాట వెతుక్కోవాలి. ఒక్క ప్రశ్నలో మూడు పనులు! ఇవన్నీ మన అమ్మమ్మలు రోజూ వాడిన మాటలే. ఇప్పుడు మనం "వర్షం పడుతోంది" అని సరిపెట్టేస్తున్నాం కాబట్టి పిల్లల దాకా రావడం లేదు.

మామిడిచెట్టు సంగతి తీసుకోండి. చిగురు, పూత, పిందె, కాయ, దోరకాయ, పండు, టెంక. ఈ ఏడు మాటలు వరసగా తెలిసిన పిల్లకి 'ముందు ఏది, తరవాత ఏది' అన్నది కూడా తెలిసినట్టే. చిన్నపిల్లలకి కాలం అనేది అంత తొందరగా అంతుపట్టదు. జరిగిపోయిందల్లా వాళ్ళకి 'నిన్న'నే. "నిన్న నేను పుట్టాను" అంటారు, మనం నవ్వుకుంటాం. మొన్న, పోయిన నెల, వచ్చే పండక్కి అన్న మాటలు ఊరికే చెబితే బుర్రకెక్కవు. సంక్రాంతి రోజుల్లో పూత పేజీ చూపించి, శివరాత్రి వెళ్ళాక పిందె పేజీ చూపించి, ఉగాది పచ్చట్లోకి కాయ తరిగేటప్పుడు "అప్పుడు చూశామే, ఆ పూతే ఇదిగో ఇలా అయింది" అని చెప్పండి. కాలం ఎలా నడుస్తుందో పిల్ల కళ్ళతో చూస్తుంది.

ఇక 'ఎందుకు' అన్న ప్రశ్న. వానాకాలం బొమ్మలో కప్ప ఉంటుంది, చలికాలం బొమ్మలో దుప్పటి ఉంటుంది. చలికాలం బొమ్మలో ఐస్‌ఫ్రూట్ బండి ఎందుకు లేదు? ఎండాకాలం బొమ్మలో కుక్క నాలిక ఎందుకు బయటపెట్టింది? జవాబు తప్పయినా ఫరవాలేదు. కారణం వెతకడం అలవాటైతే చాలు, లెక్కలకైనా సైన్సుకైనా పునాది అదే.

ఉరుములంటే హడలిపోయే పిల్లలుంటారు. మబ్బు, మెరుపు, ఉరుము బొమ్మలు వరసగా ఉన్న పేజీని ఎండ కాస్తున్న రోజునే చూపించండి. "ముందు మెరుస్తుంది, తరవాత ఉరుముతుంది" అని ఆటగా చెప్పండి. ఈసారి మెరుపు మెరవగానే "ఇప్పుడు ఉరుముతుంది చూడు" అని వాళ్ళే ముందుగా చెబుతారు. రాబోయేది తెలిస్తే భయం సగం పోతుంది.

చదివి వినిపించడం కాదు, మాట్లాడించడం

పుస్తకం కొని పిల్ల చేతికిచ్చేస్తే పని అయిపోదు. గుక్క తిప్పుకోకుండా మొత్తం చదివేసినా లాభం తక్కువే. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే ఆచార్యుడూ, ఆయన బృందమూ 1988లో ఒక పరిశోధన ప్రకటించారు. రెండు, మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులను రెండు జట్లు చేశారు. ఇద్దరూ నెల రోజులపాటు పిల్లలకి పుస్తకాలు చదివారు. ఒక జట్టు ఎప్పటిలాగే చదివింది. రెండో జట్టు మధ్యమధ్యలో ప్రశ్నలు అడుగుతూ, పిల్లలు చెప్పినదాన్ని కాస్త పెంచి చెబుతూ చదివింది. నెల తిరిగేసరికి రెండో జట్టు పిల్లలు మాటల్లో మొదటి జట్టు పిల్లల కంటే నెలల తరబడి ముందున్నారు. చదవడం ఇద్దరూ చదివారు, పద్ధతిలోనే తేడా!

ఆ పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. అడగడం, మెచ్చుకోవడం, మాట కలపడం, మళ్ళీ అనిపించడం. వినడానికి పెద్ద శాస్త్రంలా ఉంది గానీ మన వంటింట్లో ఇలా ఉంటుంది.

"ఈ అబ్బాయి చేతిలో ఏముందిరా కన్నా?"
"గొడుగు."
"ఆఁ, గొడుగే! నల్ల గొడుగు. తాతయ్య గొడుగంత పెద్దది."
"తాతయ్య గొడుగు... పెద్దది."
"మరి గొడుగు ఎందుకు వేసుకున్నాడంటావు?"

ఇంతే! పిల్లాడు ఒక్క మాట అన్నాడు, అమ్మ నాలుగు మాటలు కలిపింది, వాడు మూడు పట్టుకున్నాడు. రేపు ఆ నాలుగూ వాడివే అవుతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ప్రశ్న అడిగాక కాస్త ఆగండి. మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. మనకి ఆత్రం ఎక్కువ, పిల్ల నోరు తెరిచేలోపే జవాబు మనమే చెప్పేస్తాం. రెండు, పరీక్ష పెట్టినట్టు అడగకండి. "ఇదేంటి? అదేంటి? మొన్న చెప్పాను కదే, మర్చిపోయావా?" అని నిలదీస్తే, పుస్తకం చూడగానే పిల్ల మంచం కింద దూరుతుంది. "ఈ పిల్లకి చలేస్తోందేమో! మనం ఏం ఇద్దాం?" అని అడిగి చూడండి. దుప్పటి అంటుంది, వేడి పాలు అంటుంది, నాన్న స్వెట్టర్ అంటుంది. అన్నీ మంచి జవాబులే.

ఒకే పుస్తకాన్ని ఇరవైసార్లు చదవమని పిల్లలు పీక్కుతింటారు. విసుక్కోకండి. మనకి పాతదే గానీ వాళ్ళకి ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంగతి కనబడుతూనే ఉంటుంది. మొదటిసారి కప్పని చూస్తారు. అయిదోసారి కప్ప పక్కన నత్తని చూస్తారు. పదోసారి ఆ కథని మనకే చెబుతారు.

ఏ వయసుకి ఎంత?

ఏడాది నిండిన పిల్లకి: పేజీకి ఒకటే బొమ్మ ఉన్న గట్టి అట్టల పుస్తకం. పేరు చెప్పి వేలు పెట్టి చూపించండి. పుస్తకం నోట్లో పెట్టుకుంటుంది, పెట్టుకోనివ్వండి, మనం కనిపెట్టి ఉంటే చాలు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో, పసితనం నుంచే రోజూ పుస్తకం చదివి వినిపించమని తల్లిదండ్రులకి చెప్పాలని తమ డాక్టర్లకి సూచించింది. మాటలు రాకముందు నుంచే అన్నమాట!

రెండు, మూడేళ్ళకి: "కప్ప ఏమంటుంది? వాన చప్పుడు ఎలా ఉంటుంది?" లాంటి చప్పుళ్ళ ఆట. రంగులు, పెద్దది-చిన్నది, తడి-పొడి, వేడి-చల్లన. బొమ్మలో గొడుగులెన్ని ఉన్నాయో వేళ్ళతో లెక్క.

నాలుగైదేళ్ళకి: పేజీ తిప్పబోయే ముందు "తరవాత ఏమవుతుందో చెప్పు" అని అడగండి. పెద్ద అక్షరాలతో ఉన్న 'వాన', 'ఎండ', 'చలి' లాంటి మాటల కింద వేలు పెట్టి చదవండి. తెలుగు ఎడమ నుంచి కుడికి పోతుందనీ, ఆ గీతలే మన నోటి మాటలనీ తమంతట తామే గ్రహిస్తారు.

ఆరేళ్ళకి: వాళ్ళే బొమ్మ వేసి కింద ఒక్క వాక్యం రాస్తారు. తప్పులు దిద్దే పని ఆ రోజుకి పెట్టుకోకండి.

మన పేజీల్లో మంచు బొమ్మలు

ఇప్పుడు ఉత్తరం రాసిన సోదరి పాప దగ్గరికి వద్దాం. సీజన్ల పేర్లు వచ్చి కూడా ఇప్పుడు ఏ కాలమో ఆ పిల్లకి ఎందుకు తెలియలేదు? తెలివి తక్కువై కాదు. తను చూసిన బొమ్మలు మన ఊరివి కావు. చాలా ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండేవి నాలుగు కాలాలు. అక్టోబరులో చెట్లు ఎర్రగా మారి ఆకులు రాల్చేస్తాయి. చలికాలమంటే తెల్లటి మంచు, క్యారెట్ ముక్కుతో మంచుమనిషి. మన దగ్గర అక్టోబరులో చెట్లన్నీ వానలకి తడిసి పచ్చగా కళకళలాడుతుంటాయి. వేప ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. అసలు మనకి ముఖ్యమైన వానాకాలం వాళ్ళ నాలుగింటిలో లేనే లేదు! పిల్ల బొమ్మ చూసి, కిటికీలోంచి చూస్తే రెండూ కలవవు. అందుకని అది అప్పజెప్పే పాఠమే అనుకుని అక్కడితో వదిలేస్తుంది.

అలాగని విదేశీ పుస్తకాలు కొనవద్దని కాదు. మంచివి ఎన్నో ఉన్నాయి. ఎజ్రా జాక్ కీట్స్ రాసి బొమ్మలు వేసిన 'ది స్నోయీ డే' అనే పుస్తకం 1962లో వచ్చింది. మరుసటి ఏడాది బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం దానికి దక్కింది. అందులో ఒక చిన్నపిల్లాడు మంచు ముద్దని జేబులో దాచుకుని ఇంటికి వస్తాడు. తరవాత చూస్తే ఉండదు! ఈ కథ చెబుతూ ఫ్రిజ్‌లోని ఐసు ముక్క ఒకటి గిన్నెలో పెట్టి పిల్ల ముందు ఉంచండి. కథ పూర్తయ్యేసరికి ఐసు నీళ్ళవుతుంది. మంచు పడని ఊళ్ళో కూడా ఆ పిల్లాడి జేబు ఎందుకు తడిసిందో అర్థమైపోతుంది. "ఇది వాళ్ళ ఊరి చలికాలం, మరి మన ఊరి చలికాలం ఎలా ఉంటుంది?" అని అడగండి. పొగమంచు, ముగ్గులు, గొబ్బెమ్మలు, భోగిమంట అన్నీ వాళ్ళ నోటి నుంచే వస్తాయి.

ఎరిక్ కార్ల్ పుస్తకం ఒకటి 1969లో వచ్చింది. ఆకలిగొన్న గొంగళిపురుగు కథ. లోకమంతా తెలిసినదే. పురుగు తిని తిని లావెక్కి చివరికి సీతాకోకచిలుక అవుతుంది. మీ పెరట్లోనో, బాల్కనీ కుండీలోనో కరివేపాకు మొక్కగానీ నిమ్మమొక్కగానీ ఉంటే ఆ కథ అక్కడే జరుగుతూ ఉంటుంది. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక నున్నగా ఆకుపచ్చగా ఉండే పురుగు ఆకులు కొరుకుతుంటుంది చూశారా? దాన్ని దులిపి పారేయకండి. నాలుగు రెమ్మలు పోతే పోయాయి. రోజూ పిల్లతో కలిసి చూడండి. కొమ్మకి అతుక్కుని గూడు కట్టుకుంటుంది. కొన్నాళ్ళకి రెక్కలతో బయటికి వస్తుంది. పుస్తకంలోని పురుగు కేకులూ పళ్ళూ తింటుంది, మనది ఆకులే తింటుంది. ఆ తేడా పిల్లే కనిపెట్టి చెబుతుంది చూడండి! ఒక్క జాగ్రత్త. మునగచెట్టు మీద ఉండే బొచ్చు పురుగుల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి, ఒళ్ళంతా దురద పెడుతుంది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకి ఈ కథ తిరగబడింది. వాళ్ళకి మంచు తెలుసు గానీ తాటిముంజె తెలియదు. వీడియో కాల్‌లో "బాగున్నావా నాన్నా" అన్నాక మాటలు వెతుక్కునే అమ్మమ్మలు, నానమ్మలు ఒక బొమ్మల పుస్తకం పట్టుకుని కూర్చోండి. "ఇది మా వాన, మీ దగ్గర ఏం పడుతోంది?" అని మొదలుపెడితే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

మన ఇంటి ఋతువుల పుస్తకం

కొనడానికి దొరకలేదా? మనమే చేసుకుందాం. ఖర్చు దాదాపు లేనట్టే. పాత పెళ్ళి శుభలేఖల గట్టి అట్టలు ఆరు తీసుకోండి. మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే పిల్లల కళ్ళకి తగులుతాయి. పాత క్యాలెండర్లు, వారపత్రికలు, విత్తనాల పొట్లాల మీది బొమ్మలు కత్తిరించి అంటించండి. రెండు పెద్ద చెంచాల మైదా అరగ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ చిక్కబడనిస్తే జిగురు తయారు. పురుగు పట్టకుండా కొందరు అందులో మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు నోట్లో పెట్టుకునే పుస్తకానికి ఆ విషం వద్దే వద్దు. పుస్తకం పెట్టే చోట ఎండిన వేపాకు వేస్తే చాలు. పిన్నులు కొట్టకండి, దబ్బనంతో చిల్లులు చేసి దారంతో కుట్టండి.

పేజీలు ఇలా వేసుకోవచ్చు:

వసంతం (చైత్ర, వైశాఖాలు): వేప పువ్వు, కోయిల, ఉగాది పచ్చడి, రావిచెట్టు లేత రాగిరంగు చిగుళ్ళు, ఆవకాయ బద్దలు.

గ్రీష్మం (జ్యేష్ఠ, ఆషాఢాలు): మామిడిపండు, మల్లెపూలు, నీళ్ళ కుండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం కదా, ఆ రోలు బొమ్మ కూడా వేయండి. నెల చివరికి తొలకరి, నేరేడు పళ్ళు.

వర్షం (శ్రావణ, భాద్రపదాలు): కప్ప, వానపాము, వరినాట్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, వినాయకుడి పత్రి.

శరత్తు (ఆశ్వయుజ, కార్తీకాలు): బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు పూలు, ఏటి ఒడ్డున తెల్లటి రెల్లు, సీతాఫలం, దీపాల వరస.

హేమంతం (మార్గశిర, పుష్యాలు): పొగమంచు, బంతిపూలు, గొబ్బెమ్మలు, వరికుప్ప, రేగుపళ్ళు, చెరకు గడ.

శిశిరం (మాఘ, ఫాల్గుణాలు): రాలిన ఆకులు, మామిడి పిందెలు, ఆకు లేకుండా ఎర్రగా పూసిన మోదుగ, హోలీ రంగులు.

మీ ఊళ్ళో ఏది దొరికితే అదే పెట్టండి. శ్రీకాకుళం పిల్లకి జీడిమామిడి పెడితే ఎంత అందమో, ఆదిలాబాద్ పిల్లకి ఇప్పపువ్వు పెడితే అంతే అందం. ఆకులు, పూలు పాత న్యూస్‌పేపరు మడతల్లో పెట్టి పైన బరువుంచితే వారం పది రోజుల్లో ఎండుతాయి, అవి కూడా అంటించవచ్చు. తొలివానకి మట్టిలో ఎర్రటి మఖమల్ గుడ్డలా పాకే ఆరుద్ర పురుగుల్ని మాత్రం పట్టి అంటించకండి సుమా! చూసి, బొమ్మ వేసి, వదిలేయమనండి. ప్రాణమున్నదాన్ని వదిలేయాలన్నది కూడా పిల్లలు నేర్చుకోవలసిన పాఠమే.

కొనేటప్పుడు

పిల్లలకి నచ్చుతుందని మీటలు నొక్కితే పాడేవీ, లాగితే లేచి నిలబడేవీ కొంటాం. పసిపిల్లలు ఆ మీటల మీదే దృష్టి పెట్టి, పుస్తకంలోని సంగతి తక్కువ నేర్చుకుంటారని పరిశోధకులు గమనించారు. ఏడాదిన్నర లోపు పిల్లలకి కార్టూన్ బొమ్మల కంటే ఫోటోల్లా నిజంగా కనిపించే బొమ్మలతో వస్తువు తొందరగా గుర్తుంటుందట. కప్పకి కోటు, బూటు వేసిన బొమ్మ నవ్వుకోవడానికి బాగుంటుంది. కప్ప గురించి తెలుసుకోవడానికి కప్పలాంటి కప్పే ఉండాలి.

నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ రెండూ 1957లో మొదలైనవే. తక్కువ ధరలో మన దేశపు బొమ్మలతో పుస్తకాలు వేస్తున్నాయి. చెన్నైలోని తులికా వాళ్ళు ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండే పుస్తకాలు వేస్తారు. రెండు భాషల ఇళ్ళకి అవి బాగా పనికొస్తాయి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్ళు పిల్లల కోసమే తెలుగులో ఎన్నో తెచ్చారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015 నుంచి స్టోరీవీవర్ పేరుతో తెలుగుతో సహా ఎన్నో భాషల బొమ్మల కథల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నారు. ఫోన్‌లో చూసినా పిల్ల చేతికిచ్చి మనం వంటింట్లోకి పోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాన్ని బట్టి ఏడాది లోపు పిల్లలకి తెర అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. కూర్చోబెట్టే వేళల్లో పెద్దవాళ్ళు పక్కనుండి పుస్తకం చదవడం, కథ చెప్పడం మేలని కూడా ఆ సంస్థే చెప్పింది.

తెలుగులో నేర్పితే ఇంగ్లీషు వెనకబడదా?

ఇది అందరికీ ఉన్న భయమే. 'పిందె' అంటే ఏమిటో తెలియని పిల్లకి దాని ఇంగ్లీషు పేరు చెబితే రెండూ కొత్తే. పిందెని చూసి, ముట్టుకుని, ఉప్పు కారం అద్దుకుని తిన్న పిల్లకి ఇంగ్లీషు పేరు ఇంకో మాట, అంతే. విషయం అప్పటికే లోపల ఉంది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని కూడా అందులో ఉంది. ఆ ఆరేళ్ళూ పిల్ల ఎక్కువసేపు ఉండేది ఎవరి దగ్గర? మన దగ్గరే కదా!

కాబట్టి ఉత్తరం రాసిన చెల్లెమ్మా, నీకు ఇంగ్లీషు రాకపోతే ఏమైంది? చిక్కుడుకాయ ఎప్పుడు లేతగా ఉంటుందో, మల్లెలు ఎప్పుడు అగ్గువవుతాయో, మబ్బు ఎటు పడితే వాన వస్తుందో నీకు తెలుసు. మీ పాప టీచరుకి ఇవన్నీ చెప్పే తీరిక లేదు. రోజుకి పది నిమిషాలు చాలు. రాత్రి అన్నాలయ్యాకో, మధ్యాహ్నం నిద్రకి ముందో పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకో. ఇంగ్లీషు పుస్తకమైనా ఫరవాలేదు, బొమ్మ చూసి కథ తెలుగులో చెప్పు. వారానికి రెండు రోజులు ఆయన్ని కూడా కూర్చోబెట్టు. పది నిమిషాల తీరిక ఎవరికైనా ఉంటుంది, మనం అడగాలంతే.

ఈ వారం మీరందరూ చేయవలసిన పని ఒక్కటే. వాన పడుతున్నప్పుడు ఒక వాన బొమ్మ వెతికి, పిల్లని తీసుకుని గుమ్మం దగ్గర కూర్చోండి. బొమ్మలో ఉన్నవి బయట ఎన్ని ఉన్నాయో, బయట ఉన్నవి బొమ్మలో ఏవి లేవో అడగండి. వాళ్ళు చెప్పిన తమాషా జవాబులు కార్డు ముక్క మీద రాసి పంపండి, మంచివి ఈ శీర్షికలో వేసుకుందాం. వచ్చేవారం వానాకాలంలో పప్పులు, బియ్యం పురుగు పట్టకుండా దాచుకునే చిట్కాలతో కలుద్దాం. అంతవరకూ సెలవు.